స్టార్ ట్రెక్ – పాఠాంతరాలతో

మన పత్రికలో ఇంతవరకు కవిత్వం మీద, కూచిపూడి మీద, అప్పుడప్పుడు మన పిల్లల తెలుగు మీద వ్యాసాలు వచ్చాయి గాని, అమెరికా టెలివిజన్ ధారావాహిక మీద సమీక్ష వచ్చినట్టు నాకు గుర్తులేదు. డాక్టరుకి ఈ పని ఎందుకని కొందరు అడగవచ్చు. నిరుడు చలికాలం మా నాన్నగారు ఆరు నెలలు మా యింట్లో వున్నారు. బయట మోకాలు లోతు మంచు. ఇంట్లో ఆయన, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి, రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపట్టని నేను. ఆ రోజుల్లో ముగ్గురం కలిసి స్టార్ ట్రెక్ మొదటి ధారావాహికను బ్లూరే డిస్కుల మీద మొదటినుంచి చివరిదాకా చూశాం. చూస్తూ పోట్లాడుకున్నాం కూడా. ఆ పోట్లాటలోంచే ఈ వ్యాసం పుట్టింది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ ధారావాహిక ఎన్‌బీసీలో 1966 సెప్టెంబరు 8న మొదలై 1969 జూన్ 3న ఆగిపోయింది. మూడు సంవత్సరాలు, 79 కథలు. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దాని కెప్టెన్ కిర్క్, సగం మనిషీ సగం వల్కన్ జాతివాడూ అయిన స్పాక్, నౌక వైద్యుడు మెకాయ్ – ఈ ముగ్గురి చుట్టూ కథలన్నీ తిరుగుతాయి. మొదటి ప్రసారంలో పెద్దగా ఆదరణ పొందలేదు. ఆగిపోయిన తరువాత ఊరూరి స్టేషన్లలో పునఃప్రసారాల మీద బతికి బట్టకట్టింది. ఆ పునఃప్రసారాల్లో ప్రకటనలకు చోటు కావాలని కథల్ని కత్తిరించేవారు. కాబట్టి ఎంతోమంది ఏళ్ళ తరబడి చూసింది కత్తిరింపు ప్రతినే. డిస్కుల మీద ఒక్కొక్క కథ దాదాపు 50 నిమిషాలు, పూర్తిగా వుంది. ఈ విడుదల మొదటి సుగుణం అదే.

మా నాన్నగారికి స్టార్ ట్రెక్ కొత్త కాదు. 1980ల నడుమ హైదరాబాదులో దూరదర్శన్‌లో చూశారట. పక్కింటివారి టీవీ, నలుపు తెలుపుది. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం చెవుల మనిషి ముఖం చూసి పోల్చుకునేవారట. మొదటి డిస్కు పెట్టగానే ఆయన అన్న మొదటి మాట – “ఒరేయ్, వీళ్ళ చొక్కాలకు రంగులున్నాయా!” ఎర్ర చొక్కాలు, నీలం చొక్కాలు, పసుపు చొక్కాలు. ఎర్ర చొక్కా వేసుకుని కెప్టెన్ వెంట కొత్త గ్రహం మీద దిగినవాడు తిరిగి రాడన్న పాత పరిహాసం ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. నాన్నగారికి తెలియదు. ఆయన టీవీలో చచ్చేవాడూ బతికేవాడూ ఒకే బూడిదరంగులో వుండేవారు.

ఆ రంగులు అంత గాఢంగా వుండటానికి కారణముంది. ఎన్‌బీసీ అప్పట్లో ఆర్‌సీఏ కంపెనీ చేతిలో వుండేది. ఆర్‌సీఏ కలర్ టీవీలు అమ్మే కంపెనీ. రంగులు కళ్ళకు కొట్టినట్టు కనిపిస్తే బజారులో టీవీలు అమ్ముడుపోతాయి. అందుకే గోడల మీద ఊదా వెలుగు, ఆకాశాలకు నారింజరంగు. నేను దాన్ని తప్పుపట్టటం లేదు. వ్యాపారం కోసం వేసిన రంగులోనే ఆ దర్శకులు, ఛాయాగ్రాహకులు తమ కళ చూపించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ధారావాహికను 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. కాబట్టి మూల నెగటివులో వున్న వివరం అప్పటి టీవీ తెర చూపించిన దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. నటులు వున్న దృశ్యాలను శుభ్రం చేసి ఎక్కిస్తే అద్దంలా వుంటాయి. చిక్కంతా నౌక ఎగిరే దృశ్యాలతోనే. పదకొండు అడుగుల పై పొడవున్న నమూనాను ఒక ఫిల్ము మీద, నక్షత్రాలను మరొక ఫిల్ము మీద, గ్రహాన్ని ఇంకొక ఫిల్ము మీద తీసి, వాటన్నిటినీ కలిపి మళ్ళీ ఫిల్ము మీదికి ఎక్కించేవారు. ప్రతి ఎక్కింపులో కొంత మట్టి, కొంత గరుకుదనం చేరుతుంది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు. ఆ నమూనా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి వాయు, అంతరిక్ష మ్యూజియంలో వుంది. పిల్లల్ని తీసుకువెళ్ళినవారు చూసే వుంటారు.

2006లో సీబీఎస్ వారు ఈ దృశ్యాలను కంప్యూటరు బొమ్మలతో కొత్తగా తయారుచేయించారు. అలెగ్జాండర్ కరేజ్ కట్టిన శీర్షిక సంగీతాన్ని కూడా తిరిగి వాయించి స్టీరియోలో రికార్డు చేశారు. ఆ కొత్త ప్రతి ఆ సంవత్సరం సెప్టెంబరు నుంచి టీవీలో ప్రసారమైంది. 2007 చివర మొదటి సంవత్సరపు కథలు హెచ్‌డీ డీవీడీ మీద వచ్చాయి; కొన్ని నెలలకే, 2008 ఫిబ్రవరిలో, ఆ డిస్కుల పద్ధతే మూతపడింది. కొన్నవారి డబ్బు నీళ్ళపాలు. ఆపైన 2009లో మూడు సంవత్సరాలూ మూడు బ్లూరే పెట్టెలుగా వెలువడ్డాయి. నేను సమీక్షిస్తున్నది వీటినే.

ఈ బ్లూరేలో వారు చేసిన మంచిపని ఒకటుంది. కొత్త బొమ్మలనూ పాత బొమ్మలనూ రెంటినీ ఒకే డిస్కులో పెట్టారు. మొదట్లో ఏది కావాలో ఎంచుకోవచ్చు. కథ నడుస్తుండగానే రిమోటు మీద యాంగిల్ మీట నొక్కి, ఒకే దృశ్యాన్ని అలాగా ఇలాగా మార్చి చూడవచ్చు. శబ్దం కూడా అంతే – ఏడు స్పీకర్ల కొత్త మిశ్రమం ఒకటి, పాత మోనో ఒకటి. చిత్రాన్ని వెడల్పు తెరకు సాగదీయలేదు, పైనా కిందా కోయలేదు. 1966లో తీసిన చదరపు చట్రం అలాగే వుంది. పక్కల నల్లటి ఖాళీ వదిలేశారు.

“ది డూమ్స్‌డే మెషీన్” అనే కథను మేము రెండు విధాలా చూశాం. గ్రహాలను మింగే యంత్రం, దాని చేత చిక్కి శిథిలమైన కాన్‌స్టెలేషన్ అనే నౌక, తన వాళ్ళందరినీ పోగొట్టుకుని మతి చలించిన కమోడోర్ డెకర్. పాత ప్రతిలో ఆ శిథిల నౌక, బజారులో దొరికే ప్లాస్టిక్ బొమ్మను అక్కడక్కడ కాల్చి తీసినది, చూస్తే తెలిసిపోతుంది. కొత్త ప్రతిలో ఆ నౌక నిజంగా దెబ్బతిన్న నౌకలాగే వుంది; డెకర్ దుఃఖానికి తగిన నేపథ్యం దొరికింది. ఇక్కడ నా ఓటు కొత్తదానికి. కాని మిగతా చాలాచోట్ల కొత్త నౌక మరీ నున్నగా, బరువులేనట్టు జారిపోతుంది. పాత నౌకకు గరుకు వుంది, బరువు కూడా వుంది. పాత గ్రహాలు రంగు బంతులే గాని, ఆ బంతులకీ సెట్టు మీది అట్ట రాళ్ళకీ ఒక పొత్తు వుంది. అట్ట రాళ్ళ పక్కన కంప్యూటరు మబ్బులు పెడితే అట్ట మరింత అట్టగా కనిపిస్తుంది. మా అబ్బాయి ఓటు ఎప్పుడూ కొత్తదానికే. నాన్నగారిది ఎప్పుడూ పాతదానికే. నాది కథను బట్టి. మీట వుంది గనుక ఇంట్లో శాంతి నిలిచింది.

తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. బ్రౌను దొర వేమన పద్యాల ప్రతులు ఊళ్ళనుంచి పోగుచేయించి, ఒకదానితో ఒకటి సరిచూసి 1829లో అచ్చు వేశాడు. మన పరిష్కర్తలు కావ్యాలను ముద్రించేటప్పుడు తమకు నచ్చిన పాఠం పైన వేసి, తక్కిన పాఠాంతరాలు అడుగున యిస్తారు. పరిష్కర్త తెలివి మీద మనకు ఎంత గౌరవమున్నా, అడుగున ఆ చిన్న అక్షరాలు లేకపోతే మనం అతని దయమీద ఆధారపడినట్టే. ఇంట్లో చూసుకునే డిస్కు కూడా ఒక ముద్రణే. దాన్ని సమీక్షించేవాడు బొమ్మ ఎంత మెరుస్తోంది అన్నది ఒక్కటే చూస్తే చాలదు. మూలం ఏది, మార్పు ఏది, ఆ మార్పు ఎక్కడ మొదలవుతుందో చదువరికి తెలుస్తుందా అని కూడా చూడాలి. ఆ పరీక్షలో ఈ పెట్టెలు నెగ్గాయి.

ఇంకొక నిదర్శనం. 1964లో తీసిన మొట్టమొదటి నమూనా కథ “ది కేజ్” ఎన్‌బీసీకి నచ్చక ప్రసారం కాలేదు. తరువాత దాని రంగు ముక్కలను కోసి “ది మెనాజరీ” అనే రెండు భాగాల కథలో వాడుకున్నారు. 1986లో “ది కేజ్” వీడియో టేపుగా వచ్చినప్పుడు, దొరికిన రంగు ముక్కల నడుమ ఖాళీలను నలుపు తెలుపు ప్రతితో పూడ్చారు. శిథిలమైన తాళపత్ర ప్రతిలో పోయిన ఆకులను వేరే ఊరి ప్రతినుంచి పూరించినట్టు. ఆ తరువాత పూర్తి రంగు ప్రతి వెలుగులోకి వచ్చి 1988లో టీవీలో ప్రసారమైంది. మూడవ పెట్టెలో అది వుంది. రెండవ నమూనా కథకు ప్రసారం కాని తొలి కూర్పు కూడా ఆ పెట్టెలోనే వుంది.

ఇక్కడే మాకు పోట్లాట వచ్చింది. నాన్నగారికి మాయాబజార్ ప్రాణం. 1957లో కె.వి. రెడ్డిగారు తీసిన ఆ చిత్రాన్ని 2010 జనవరిలో రంగులద్ది, కొత్త శబ్దంతో, సినిమాస్కోప్ వెడల్పుతో మళ్ళీ విడుదల చేశారు. నాన్నగారు హాలుకు వెళ్ళి చూసి, కోపంగా తిరిగి వచ్చారు. నేను అడిగాను – “నాన్నగారూ, స్టార్ ట్రెక్‌లో రంగులు చూసి చిన్నపిల్లాడిలా సంతోషించారు. మాయాబజార్‌కి రంగులేస్తే కోపమెందుకు?” ఆయన కాసేపు ఆలోచించి అన్నారు – “వీళ్ళు రంగులతోనే తీశారు. మా టీవీ ఆ రంగులు మింగేసింది. ఇప్పుడు ఎవరి సొమ్ము వాళ్ళకు ముట్టింది. అక్కడ అలా కాదు. మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపుల్లోనే వెన్నెల పుట్టించాడు. దానిమీద నీలం పూస్తే వెన్నెల ఎక్కువవుతుందా, తగ్గుతుందా?”

నేను ఎదురు చెప్పాను. రంగులేశారు గనుకనే కొత్తతరం పిల్లలు హాలుకు వచ్చి ఘటోత్కచుణ్ణి చూశారు గదా అన్నాను. దానికి ఆయన ఒప్పుకున్నారు. ఎవరి సంతోషం వారిది, రంగుది చూసేవాళ్ళను చూడనివ్వండి అన్నారు. కాని చదరపు చట్రంలో కూర్చిన చిత్రాన్ని వెడల్పు తెరకు సరిపెట్టాలంటే పైనో కిందో కొంత పోక తప్పదు. “ఎస్వీ రంగారావు కిరీటం కోసి, అదే మాయాబజార్ అంటే ఎలారా?” అన్నారు. ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయముంది. రంగులద్దటం నేరం కాదు. రంగులద్దిన డిస్కులోనే, ఒక్క మీట దూరంలో, బార్‌ట్లీ వెన్నెలను కూడా అంతే శ్రద్ధగా శుభ్రం చేసి పెట్టకపోవటమే లోటు. కొనేవాడికి స్టార్ ట్రెక్ వారు యిచ్చిన గౌరవం మన చిత్రాలు కొనేవాడికి ఎందుకు అందకూడదు?

ఇక కథల గుణదోషాలు. నేను వైద్యుణ్ణి గనుక మెకాయ్ పక్షపాతిని, ముందే చెప్పేస్తున్నాను. డీఫారెస్ట్ కెల్లీ నటించిన ఈ డాక్టరు చేతిలోని పరికరాల్లో కొన్ని నిజానికి ఉప్పు డబ్బాలు. మొదట ప్రసారమైన “ది మ్యాన్ ట్రాప్” కథకోసం వింత ఆకారపు ఉప్పు డబ్బాలు కొన్నారట. అవి మరీ వింతగా వుండి ఉప్పు డబ్బాలని ఎవరూ పోల్చుకోలేరనిపించి, డాక్టరు పెట్టెలో చేర్చారు. బ్లూరే స్పష్టతలో అవి ఉప్పు డబ్బాలే అని తెలిసిపోతుంది. అయినా కెల్లీ వాటిని పట్టుకునే తీరు చూస్తే అనుమానం రాదు. మంచం తల దగ్గర గోడకు రోగి నాడి, ఊపిరి చూపించే పలక ఈనాడు మన ఐసీయూలన్నిటిలోనూ వున్నదే. వారు ఊహించనిది మరొకటుంది. మెకాయ్ ఎప్పుడూ రోగి ముఖం చూస్తూ మాట్లాడతాడు. మనం కంప్యూటరు తెర చూస్తూ మాట్లాడుతున్నాం. ఈ మాట రాస్తూ సిగ్గుపడుతున్నాను.

“ది డెవిల్ ఇన్ ది డార్క్” కథలో రాతి దేహం వున్న ఒక జీవి గనివాళ్ళను చంపుతోంది. తన గుడ్లను కాపాడుకునే తల్లి అది అని తరువాత తెలుస్తుంది. గాయపడ్డ ఆ జీవికి వైద్యం చేయమంటే మెకాయ్ ముందు విసుక్కుంటాడు, తరువాత కాంక్రీటు తెప్పించి గాయం పూడుస్తాడు. ముగించి చేతులు చూసుకుంటూ అతను పడే సంతోషం మన వృత్తిలో వున్నవారికి చెప్పనక్కరలేదు. రోగి ఏ జాతిదన్నది రెండో ప్రశ్న.

1967 ఏప్రిల్ 6న ప్రసారమైన “ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్” 79 కథల్లో మకుటం. పొరపాటున తన మందే తనకు గుచ్చుకుని మతిపోయిన మెకాయ్, కాలద్వారం గుండా 1930 నాటి న్యూయార్కులో పడతాడు. అతణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన కిర్క్ అక్కడ బీదలకు అన్నం పెట్టే ఎడిత్ కీలర్‌ను ప్రేమిస్తాడు. ఆమె బతికితే చరిత్ర తలకిందులై జర్మనీ యుద్ధం గెలుస్తుంది. ఆమె లారీ కింద పడబోతుంటే మెకాయ్ రక్షించటానికి ఉరుకుతాడు. కిర్క్ అతణ్ణి పట్టి ఆపుతాడు. రెసిడెన్సీ రోజుల్లో రాత్రి డ్యూటీ గదిలో ఈ కథ మొదటిసారి చూసినప్పుడు నేను కిర్క్ కోసం బాధపడ్డాను. ఈసారి మెకాయ్ ముఖమే చూశాను. బతికించగలిగిన మనిషి కళ్ళ ముందే పోతుంటే చేతులు కట్టేసినట్టయిన వైద్యుడి ముఖం అది. ఎందుకు ఆపారో అప్పటికి అతనికి తెలియదు. కొత్త బొమ్మలు, పాత బొమ్మలు – ఆ ఒక్క నిమిషంలో దేనితోనూ పనిలేదు.

నవ్వుకోవలసినవీ వున్నాయి. మూడవ సంవత్సరంలో “స్పాక్స్ బ్రెయిన్” అనే కథలో స్పాక్ మెదడును ఎవరో ఎత్తుకుపోతారు. మెకాయ్ దాన్ని తెచ్చి తిరిగి అమరుస్తూ సగంలో విద్య మరిచిపోతే, రోగే లేచి మిగతాది ఎలా కుట్టాలో చెబుతాడు! చివరి కథ “టర్న్అబౌట్ ఇన్‌ట్రూడర్” నవ్వదగింది కూడా కాదు. స్త్రీ కెప్టెన్ కాకూడదన్నట్టు నడుస్తుంది. అంత దూరం ఊహించినవారు ఇంత దగ్గర్లో ఆగిపోయారు.

ఇక మన సంగతి. “స్పేస్ సీడ్” కథలో ఖాన్ నూనియన్ సింగ్ అనే అతిమానవుడు ప్రతినాయకుడు. ఉత్తర భారతదేశపు సిక్కు అయి వుంటాడని నౌకలోని చరిత్రకారిణి వూహిస్తుంది. తలపాగాతో అతని బొమ్మ కూడా గీస్తుంది. వేషం వేసినది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్బాన్. నటన అమోఘం. మెలకువ రాగానే మెకాయ్ గొంతుమీద కత్తి పెడితే, మెకాయ్ ఏ రక్తనాళం కోస్తే పని త్వరగా అవుతుందో చల్లగా చెప్పే ఘట్టం ఈ డిస్కులన్నిటిలో నాకు ఇష్టమైనది. మా అబ్బాయి మాత్రం ఆ కథ అయ్యాక అడిగాడు – “ఇంతమందిలో ఇండియన్ ఒక్కడే వున్నాడు. ఆ ఒక్కడూ చెడ్డవాడెందుకు?”

నాకు జవాబు తోచలేదు. నాన్నగారు అందుకున్నారు – “మన దానవీరశూరకర్ణలో దుర్యోధనుడి వేషం ఎవరు వేశారురా? రామారావుగారు. పెద్ద వేషం పెద్దవాడికే యిస్తారు.” వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. ఈ దేశపు తలుపులు మనబోటి వారికి తెరిచిన వలస చట్టం మీద సంతకం పడింది 1965 అక్టోబరులో. స్టార్ ట్రెక్ ప్రసారమవుతున్న ఆ ఏళ్ళలోనే మన ముందుతరం డాక్టర్లు ఇక్కడి ఆసుపత్రుల్లో ఇంటర్న్‌లుగా అడుగుపెట్టసాగారు. తెరమీద ఊహురా, సులూ, చెకోవ్ వున్నారు. ఆ కాలానికి అది సాహసమే. కాని వైద్యశాలలో మన ముఖం లేదు. కొంచెం ఊరట కలిగించేవాడు “ఎ ప్రైవేట్ లిటిల్ వార్”లో కనిపించే ఆఫ్రికన్ డాక్టరు ఎంబెంగా. వల్కన్ వార్డులో ఇంటర్న్‌గా పనిచేసి వచ్చాడు గనుక స్పాక్ వైద్యం అతనికే తెలుసు. పరాయి చోట చదివి వచ్చినవాడి విద్యకు విలువ వుందని ఆ కథ రెండు మాటల్లో చెప్పి ముందుకు సాగిపోతుంది. మావాడికి ఆ డిస్కు మళ్ళీ వేసి చూపించాను. ఖాన్ ఘట్టాన్ని దాచటం గాని, తీసివేయటం గాని నాకు సమ్మతం కాదు. పాత తప్పు పాతచోటనే కనిపించాలి. అప్పుడే పిల్లవాడు ప్రశ్న అడుగుతాడు.

అనుబంధాల్లో చాలా భాగం ఒకరినొకరు మెచ్చుకోవటమే. ఒక్కటి మాత్రం తప్పక చూడండి: బిల్లీ బ్లాక్‌బర్న్ అనే చిన్న నటుడు సెట్టుమీద సొంత కెమెరాతో తీసుకున్న ఇంటి ఫిల్ములు. వెనక వరుసలో మాటలు లేకుండా కూర్చున్న మనిషి కంటికి ఆ సెట్టు ఎలా కనిపించిందో అందులో వుంది. స్పష్టత వల్ల మరొక చిన్న లాభం: స్కాటీ వేషం వేసిన జేమ్స్ డూహన్ 1944లో నార్మండీ యుద్ధంలో కుడిచేతి నడిమి వేలు పోగొట్టుకున్నాడు. కెమెరాకు కనపడకుండా ఆ చెయ్యి దాచేవాడు. కొన్నిచోట్ల డిస్కు దాన్ని పట్టిస్తుంది. యుద్ధం చూసిన మనిషి యుద్ధం లేని భవిష్యత్తును నటించాడని గుర్తుకు వచ్చి నాన్నగారు కాసేపు మాట్లాడలేదు.

కొనదలచినవారికి నా సలహా: పాత, కొత్త బొమ్మలు రెండూ వున్నాయని పెట్టె వెనక చూసి మరీ కొనండి. ఇంటర్నెట్టులో నాకు దొరికినవి కొత్త బొమ్మల ప్రతులే. అక్కడ ఆ మీట లేదు.

నాన్నగారు మార్చిలో తిరుగు ప్రయాణమయ్యారు. విమానాశ్రయంలో చెప్పిన చివరి మాట మాయాబజార్ గురించే – “మీలో ఎవరి దగ్గరైనా పాత నలుపు తెలుపు ప్రతి మంచిది వుందేమో కనుక్కో.” అందుకే సభ్యులను అడుగుతున్నాను. మీ బేస్‌మెంటులో అట్టపెట్టెల్లో పాత తెలుగు చిత్రాల టేపులు, డిస్కులు వుంటే, ఇల్లు సర్దేటప్పుడు పారేయకండి. ఏ చిత్రానిది, ఏ సంవత్సరం విడుదల, ఎంత నిడివి వుందో ఒక కాగితం మీద రాసి ఉగాది సభకు తీసుకురండి. అందరివీ పక్కపక్కన పెట్టి సరిచూద్దాం. ఏ ప్రతిలో ఏ పాట పోయిందో, ఏ ప్రతిలో వున్నదో తెలిస్తే, ముందు ఒక జాబితా అయినా మన చేతికి వస్తుంది.